సున్నం తిన్న చెయ్యి

గోడ మీద చెయ్యి లేదు.

తొమ్మిది ముఖాలూ ఉన్నాయి. నూలు గోదాము మెట్లున్నాయి, దారపు బేళ్ళున్నాయి, తూకం గదిలో తలొంచుకుని రాసుకుంటున్న గుమస్తా ఉన్నాడు. ఆ గది కిటికీలోంచి లోపలికి సాగి తాళంచెవి అందుకుంటున్న చెయ్యి ఒక్కటే లేదు. కిటికీ కూడా లేదు. అక్కడ తెల్లటి గోడ ఉంది, అంతే.

మొదటిసారి చూసేవాళ్ళకి అక్కడ ఏదో ఉండేదన్న అనుమానం కూడా రాదు. అంత శుభ్రంగా ఉంది పని.

ఆ గోడకి బొమ్మ వేసిన బొమ్మలమ్మాయికి ముందు నమ్మకం కలగలేదు. కోపం ఆ తర్వాత వచ్చింది. వచ్చినా ఎక్కువసేపు నిలవలేదు.

"మీరేమైనా మార్చారా?" అంది వెనకనుంచి మ్యూజియం మేడం.

"లేదు మేడం."

"రేపు పదింటికి ప్రారంభం. పుస్తకంలో ఆ చెయ్యి ఫొటో అచ్చయిపోయింది. కిందనే మీ మాటలు కూడా ఉన్నాయి, ఈ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తెలియదు అని."

మేడం ఎప్పుడూ గొంతు పెంచదు. అందుకే ఆ హాల్లో పనిచేసే వాళ్ళందరికీ ఆవిడంటే హడల్. కొత్త హాల్లో ఆరు గోడలు, ఆరు పేటలు. ఏ పేట కథని ఆ పేటలో పుట్టిన చిత్రకారులే వేయాలన్న ఆలోచన ఆవిడదే. మిగిలిన ఐదు గోడలవాళ్ళూ పని ముగించుకుని వెళ్ళిపోయారు. గోదాము పేట గోడ నిన్న సాయంత్రమే పూర్తయింది.

పూర్తయిందనుకుంది బొమ్మలమ్మాయి.

"హాలు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?" అడిగింది మేడం, జవాబు తెలిసే.

కాపలా మీసాలాయన ఒకడుగు ముందుకు వేశాడు. మీసాలు ఎప్పటిలాగే పైకే ఉన్నాయి గానీ చూపు నేల మీదే ఉంది. "నా దగ్గరే మేడం. పొద్దున ఆరింటికి ఈ బొమ్మలేసే అమ్మగారి ఇంటి మనిషి వచ్చాడని తలుపు తీశాను. చేతిలో బకెట్టు, తలకో గుడ్డ, ముక్కుకో గుడ్డ. సున్నం పనివాళ్ళంతా అట్లాగే కదా వస్తారు. అమ్మగారి ఆయన, మేస్త్రే అనుకున్నాను."

"ముఖం చూశారా?"

"కళ్ళు చూశాను."

"కళ్ళని బట్టి గుర్తుపట్టారన్నమాట."

"బకెట్టుని బట్టి మేడం."

ఇంకోరోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళే.

"పన్నెండింటికి పోలీసులొస్తారు. మీ బకెట్టు సంగతి వాళ్ళకి చెప్పండి. వాళ్ళు నమ్మితే మంచిదే. వచ్చే నెల నుంచి మీరు ఇక్కడ ఉండాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం," అని మేడం వెళ్ళిపోయింది.

మీసాలాయన బొమ్మలమ్మాయి వైపు చూశాడు. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని ఆమెకనిపించింది.

అతను కూడా బయటికి వెళ్ళాక ఆమె గోడకి దగ్గరగా వెళ్ళింది. తెలుపులో రవ్వంత నీలం కలిసి ఉంది. కుంచె వేటు ఎక్కడా కనబడదు. వేలితో తట్టింది. గోడ శబ్దం రాలేదు. గోడకీ సున్నానికీ మధ్య ఏదో ఉంది.

గుడ్డ తడిపి మూల మీద అద్ది, నూరు లెక్కపెట్టింది. గోటితో అంచు లేపింది.

సున్నం పొరలా లేచింది. దాని వెనక గాలిపటాల కాగితం. కాగితం వెనక ఎండిన గంజి. ఆ వెనక, చెక్కుచెదరకుండా, తను వేసిన చిటికెన వేలు.

ఎవరో ఆ చేతిని చెరపలేదు. దుప్పటి కప్పినట్టు కప్పారు.

భయం అప్పుడు పట్టుకుంది ఆమెని. బయటివాడైతే గీకి పారేసేవాడు, తారు పూసేవాడు. ముందు గంజి పట్టించి, కాగితం అద్ది, ఆపైన సున్నం వేసే పద్ధతి ఆమె తన జీవితంలో ఒక్క ఇంట్లోనే చూసింది. ఆ ఇంట్లోనే రోజూ నిద్రపోతుంది.

లేచిన అంచుని మళ్ళీ అరచేత్తో నొక్కేసింది.

*

మేస్త్రి పదకొండింటికి వచ్చాడు. భార్య ముఖం చూసి చేతిలో తాపీ కింద పెట్టేశాడు.

"ఏమైంది?"

"పొద్దున ఆరింటికి ఎక్కడున్నారు మీరు?"

"పరంజా కర్రలు డిపోలో దించుతున్నాను. నువ్వే కదా తొందరపెట్టావు, రేపటికి ఒక్క కర్ర కూడా కనబడకూడదని."

"ఇక్కడికి రాలేదా?"

"ఇదేంటి, పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చింది నీకు?" అని నవ్వబోయి, ఆమె చూపు వెంట గోడ వైపు చూశాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

దగ్గరికి వెళ్ళాడు. ఆమెలాగే వేలితో తట్టాడు. ఆమెలాగే ఆగిపోయాడు.

గోడ మీది తొమ్మిదిమందీ వాళ్ళనే చూస్తున్నట్టుంది. ఎక్కడ నిలబడ్డా కళ్ళు తమనే చూసేలా వేయమని అడిగింది పేటవాళ్ళే. అలా వేసినందుకు ఆమె ఇప్పుడు పశ్చాత్తాపపడుతోంది.

"ఈ పని ఎంతమందికి వచ్చు?" అంది మెల్లగా.

"ఏ పని?"

"తెలియనట్టు మాట్లాడకండి. గంజి, కాగితం, పైన నీలి సున్నం. ఎంతమందికి వచ్చు?"

"ఇదివరకు చాలామందికి వచ్చేది."

"ఇప్పుడు?"

మేస్త్రి గోడ మీంచి వేలు తీశాడు. "ఇద్దరికి."

"మీరు కాదంటున్నారు."

"నేను కాదు."

ఆ రెండోవాడి పేరు ఇద్దరిలో ఎవరూ అనలేదు. అది హాల్లో తిరుగుతూనే ఉంది.

"నాన్నకి డెబ్భై రెండేళ్ళు," అన్నాడు మేస్త్రి చివరికి. "మొన్న చెప్పులు ఫ్రిజ్ మీద పెట్టాడు. ఏదో భ్రమలో చేసి ఉంటాడు. పొర తీసేద్దాం. అరగంట పని. మేడానికి ఏదో ఒకటి చెబుదాం."

"మీసాలాయన సంగతో?"

"ఆయనకేం, బొమ్మ బాగానే ఉందని తెలిస్తే వదిలేస్తారు."

"వదిలేయకపోతే?"

"ఇంకో చోట దొరుకుతుంది పని. కాపలా పనికేం కరువు? మా నాన్నని ఈ వయసులో స్టేషన్లో కూర్చోబెట్టమంటావా?"

"మీ నాన్న అంత భ్రమలో ఉన్న మనిషైతే కాగితం అంచులు అంత తిన్నగా కోయగలడా?"

మేస్త్రి వంగి కింద పెట్టిన తాపీ తీసుకున్నాడు.

"ఆ చెయ్యి ఒక్కటే ఎందుకు కప్పాడు?" అంది. అడిగాక, ఆ ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఎందుకంటే జవాబు తనకే తెలుస్తోంది.

ఆ చెయ్యి కథ చెప్పింది ఇస్త్రీ అవ్వ. ఇరవై ఆరేళ్ళ కిందట గోదాము కాలి తొమ్మిదిమంది పోయారు. తలుపుకి బయటనుంచి తాళం. తాళంచెవి దగ్గరుంచుకునే మనిషి తూకం గుమస్తా, అవ్వ భర్త. ఎవరో కిటికీలో చెయ్యి పెడితే ఇచ్చాను, రాసుకుంటూ తలెత్తలేదు, ముఖం చూడలేదు అని ఆయన అన్నాడు. ఎవరూ నమ్మలేదు. శిక్ష పడింది. నాలుగో ఏడు జైల్లోనే పోయాడు. కలవడానికి వెళ్ళినప్పుడల్లా అవ్వకి అదే చెప్పేవాడట. సున్నం తిన్న చెయ్యే, వేళ్ళ కొసలు అరిగిపోయి, గోళ్ళ చుట్టూ తెల్లగా.

అవ్వ బొమ్మలమ్మాయిని కోరింది ఒక్కటే. మా ఆయన ముఖం ఎలా వేసినా ఫర్వాలేదమ్మా, ఆ చెయ్యి మాత్రం వెయ్యి. అంతమంది చూస్తే ఎవరో ఒకరు నమ్ముతారు.

సున్నం తిన్న చెయ్యి కోసం బొమ్మలమ్మాయి దూరం వెళ్ళలేదు. ఆమె ఎప్పుడూ చేతులు ఇంట్లోవాళ్ళవే చూసి వేస్తుంది. గోడ మీది ముగ్గురు ఆడవాళ్ళకీ అత్తయ్య చేతులే. పడక్కుర్చీలో మామయ్య నిద్రపోతుంటే కుడి చెయ్యి ఒడిలో తెరుచుకుని ఉంది. కాగితం తెచ్చుకుని పక్కనే కూర్చుని గీసుకుంది. పట్నంలో అలాంటి చేతులు వందల్లో ఉంటాయనుకుంది.

"ఆయన గోడ చూసిందెప్పుడు?" అడిగింది.

"సోమవారం. నేనే తీసుకొచ్చాను." మేస్త్రి గోడ ముందు చోటు చూపించాడు. "చాలాసేపు నిలబడ్డాడు. ఈ చెయ్యి సంగతి ఎవరు చెప్పారని అడిగాడు."

"మీరేమన్నారు?"

"ఇస్త్రీ అవ్వ చెప్పిందన్నాను."

ఆమె చేతిలోని తడిగుడ్డ బల్ల మీద పడేసి తలుపు వైపు నడిచింది.

*

అత్తయ్య వంటింట్లో గంజి గిన్నె తోముతోంది. పొద్దున్నే ఇంట్లో ఎవరూ గంజి తాగలేదు.

"ఇద్దరూ కలిసి ఊడిపడ్డారేం? రేపు కదా పండగ మీకు," అంది తలెత్తకుండా.

"నాన్నేడీ?"

"ముందు చెప్పులు విప్పు. ఇల్లంతా సున్నం చేస్తారు తండ్రీకొడుకులు. ఈ ఇంట్లో కూర కన్నా సున్నమే ఎక్కువ తిన్నాను నేను."

"అమ్మా, నాన్నేడీ?"

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. కొడుకుని కాదు, కోడలిని చూసింది.

"నువ్వు ఆయన్నేమన్నావు?"

"నేనేమీ అనలేదు అత్తయ్యా."

"సోమవారం నుంచి మనిషి మనిషిలా లేడు. ముద్ద దిగట్లేదు. నాలుగు రోజులుగా చేతులు తుండుగుడ్డ కింద పెట్టుకుని కూర్చుంటున్నాడు. కంచం ముందు కూడా అంతే. చలా అంటే కాదంటాడు. నొప్పా అంటే కాదంటాడు. ఇలా ఇవ్వు, నూనె రాస్తానన్నాను. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి నా చెయ్యి విదిలించుకున్నాడు." ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. అంతకన్నా పెద్ద భయమేదో ఉంది. "మీ అందరికీ ఏదో తెలుసు. నాకొక్కదానికే చెప్పట్లేదు."

"మాకూ తెలియదమ్మా," అన్నాడు మేస్త్రి.

"నువ్వు చిన్నప్పట్నుంచీ అబద్ధం చెప్పలేవు. చెవులు ఎర్రబడతాయి."

బొమ్మలమ్మాయి పెరటి తలుపు తీసి చూసింది. బకెట్టు కడిగి బోర్లించి ఉంది. పనిముట్ల గోనెసంచి విప్పి ఉంది. తాపీలు వరసగా ఉన్నాయి, కుంచెలు వరసగా ఉన్నాయి. ఉలి ఉండాల్సిన చోటు ఖాళీ.

"ఎంతసేపయింది అత్తయ్యా ఆయన వెళ్ళి?"

"మీరు రావడానికి కాస్త ముందు, పెరటి దారిన. గోడ దగ్గరికే వెళ్తున్నానన్నాడు. పని సగంలో వదిలేశాను, సరిగ్గా చేసొస్తానన్నాడు."

మేస్త్రి అప్పటికే వీధిలో ఉన్నాడు.

*

మ్యూజియానికి నడిస్తే పావుగంట. పరిగెత్తితే ఎంతో వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

దారిలో ఆమెకి రెండు బొమ్మలు మారిమారి కనబడ్డాయి. ఒకదాంట్లో ఉలి గోడ మీద పడుతోంది. రెండోదాంట్లో ఉలి గోడ మీద పడట్లేదు. ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయింది.

"గీకేస్తే గీకేయనీ," అన్నాడు మేస్త్రి ఆయాసపడుతూ. "మళ్ళీ వేసుకోవచ్చు. వినబడుతోందా? మళ్ళీ వేసుకోవచ్చు."

"అవ్వకి ఏం చెప్తారు?"

"ఏమీ చెప్పం."

"అంటే, ఆవిడ భర్తే తాళం వేశాడని పేటంతా అనుకుంటూనే ఉండాలి."

"పోయిన మనిషికి ఇప్పుడు ఏమొస్తుంది?"

"అవ్వ పోలేదు కదా."

అతను ఠక్కున ఆగాడు. అటూ ఇటూ జనం పోతున్నారు. "నా తండ్రి," అన్నాడు. "నువ్వు చెప్తే నేను నిన్ను ఆపలేను. కానీ ఆ తర్వాత ఆ ఇంట్లో మనిద్దరం ఎలా ఉంటామో నాకు తెలియదు."

ఆమె అతని పక్కనుంచి ముందుకు నడిచింది. అదే జవాబని అతనికి అర్థమైంది. మళ్ళీ పరుగెత్తారు.

హాలు తలుపు దగ్గర మీసాలాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తలుపు ఓరగా వేసి ఉంది.

"పెద్దాయన లోపలున్నారా?"

"ఉన్నారమ్మా. ఇస్త్రీ చేసే ముసలమ్మ కూడా ఉంది. రేపటిదాకా ఆగలేనంది, మా ఆయన్ని ఒక్కసారి చూసుకుని పోతానంది. ఎలాగూ పన్నెండింటికి పోయే ఉద్యోగమే, ఒకరికి తలుపు తీస్తే ఏం, ఇద్దరికి తీస్తే ఏమని తీశాను." కాస్త ఆగాడు. "పెద్దాయన ఈసారి ముఖానికి గుడ్డ కట్టుకోలేదు. కళ్ళు చూశాను."

గోడ మీది తెల్లటి చోటు అలాగే ఉంది.

దాని ముందు బల్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పెద్ద మేస్త్రి ఒడిలో ఉలి అడ్డంగా ఉంది. రెండు చేతులూ తుండుగుడ్డ కింద ఉన్నాయి. అవ్వ ఆయనకేసి కాదు, గుమస్తా బొమ్మకేసి చూస్తూ మాట్లాడుతోంది. పక్కన కూర్చున్నది ఎవరో ఆవిడకి తెలియదు. ఎవరో గోడ పనివాడు, అంతే.

"ముక్కు ఇంత పొడుగు కాదు మా ఆయనది," అంటోంది. "అయినా ఫర్వాలేదు. తలొంచుకోవడం మాత్రం అచ్చం ఆయనే. రాస్తుంటే పక్కన పిడుగు పడినా చూసేవాడు కాదు. అందుకే మునిగిపోయాడు. ఇదిగో ఇక్కడే కదా ఆ చెయ్యి ఉండాలి, అమ్మాయి నాకు కాగితం మీద చూపించింది. ఇంకా వెయ్యలేదేంటి? నువ్వు పనివాడివే కదా అన్నా, నీకేమైనా తెలుసా?"

మేస్త్రి ముందుకు కదిలాడు. బొమ్మలమ్మాయి అతని చొక్కా పట్టుకుంది. గట్టిగా కాదు. అయినా అతను ఆగిపోయాడు.

పెద్ద మేస్త్రి వాళ్ళని చూశాడు. కొడుకుని చూశాడు, కోడలిని ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"వేసిందమ్మా," అన్నాడు అవ్వతో. "నేనే కప్పాను. చెరపడానికని ఉలి కూడా తెచ్చాను, రెండుసార్లు ఎత్తాను. అంత బాగా వేసిన పని మీద నా చేత్తో దెబ్బ వేయలేకపోయాను."

"నువ్వెందుకు కప్పావు?"

ఆయన తుండుగుడ్డ తీసేశాడు. కుడి చెయ్యి ఆవిడ ముందు పెట్టాడు.

అవ్వ ఆ చేతిని చూసింది. కొసలు అరిగిన వేళ్ళని, గోళ్ళ చుట్టూ ఉన్న తెలుపుని చూసింది. ముట్టుకోలేదు. బల్ల మీద కొంచెం అవతలికి జరిగింది. ఒక్క జానెడు.

బయట వరండాలో బూట్ల చప్పుడు వినబడింది. పెద్ద మేస్త్రి అటు తిరగలేదు.

"మీ ఆయన అబద్ధం చెప్పలేదమ్మా. ఆ కిటికీలో చెయ్యి పెట్టింది నేనే.

"గోదాము ముందు గోడకి సున్నం వేయమన్నారు. మర్నాడు ఎవరో పెద్దవాళ్ళొస్తున్నారట. ద్వారం చుట్టూ రెండో పూత వేశాను. అద్దంలా వచ్చింది. లోపలివాళ్ళు నీళ్ళకనీ గాలికనీ మాటిమాటికీ బయటికొస్తున్నారు, తడి మీద చేతులు పెడుతున్నారు. చెప్పాను, వినలేదు. తిట్టాను, నవ్వారు. అరగంట తలుపు మూసి ఉంచితే నా సున్నం ఆరిపోతుందనుకున్నాను. కిటికీలో చెయ్యి పెట్టాను. మీ ఆయన తలెత్తకుండానే ఇచ్చాడు. తాళం వేశాను. లోపలివాళ్ళకి చెప్పలేదు. చెప్తే గోల చేస్తారని.

"టీ తాగడానికి వెళ్ళాను. పొగ చూసి పరిగెత్తుకొచ్చాను. అందరికన్నా ముందు వచ్చింది నేనే. తాళంచెవి చేతిలోనే ఉంది. తలుపు కాలిపోతోంది, దగ్గరికి పోలేకపోయాను అని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. కాలట్లేదమ్మా. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అంతే. తీస్తే తాళం వేసింది నేనేనని తెలిసిపోతుందన్న ఒక్క ఆలోచన వచ్చింది. నా పక్కన సున్నం నానబెట్టిన తొట్టి ఉంది. తాళంచెవి అందులో వేసేశాను.

"వేశాక కూడా లోపల్నుంచి తలుపు కొడుతూనే ఉన్నారు."